సిగ్గుపడకు, ఫోన్ చెయ్యి

అమ్మలూ,

ఈసారి కూడా రెసిడెన్సీ మ్యాచ్ కాలేదని, అంటే డాక్టరు ట్రైనింగుకి అక్కడి ఆసుపత్రుల్లో సీటు రాలేదని చెప్పి, "ఎవరికీ చెప్పకమ్మా" అన్నావు. చెప్పలేదులే, మీ పిన్నికి కూడా. కానీ నువ్వు దాన్ని దాచుకోవడమే నాకు నచ్చలేదు. ఫోన్లో అయితే నన్ను మాట్లాడనివ్వవు, అందుకే రాస్తున్నా. నువ్వుండే బోస్టన్‌లోనే ఒకప్పుడు పనిచేసిన ఒక డాక్టరమ్మ సంగతి చదివాను.

పేరు మేరీ జక్షెఫ్‌స్కా. అందరూ డాక్టర్ జాక్ అనేవారట. 1829లో బెర్లిన్‌లో పుట్టింది. తల్లి మంత్రసాని. తనూ ఆ పనే చదివి, ఇరవై రెండేళ్లకే అక్కడి షరిటే ఆసుపత్రిలో ప్రధాన మంత్రసాని అయింది. ఆమె కోసం పట్టుబట్టిన ప్రొఫెసర్ శ్మిట్ ఆ పదవి రాగానే చనిపోయాడు. ఇక మిగతావాళ్లు నిలవనివ్వలేదు. ఆరు నెలలకే మానేసి, 1853లో చెల్లెల్ని వెంటబెట్టుకుని న్యూయార్క్ చేరింది.

అక్కడ తెలిసిన జర్మన్ డాక్టరొకాయన, ఈ దేశంలో ఆడ డాక్టర్లకు విలువ లేదు, నా దగ్గర నర్సుగా చేరమన్నాడు. చేరనంది. (జీవితమంతా నర్సుగా చేసినదాన్ని కదా, నాకు కాస్త గుచ్చుకుంది!) ఉన్నితో అల్లికలు చేయించి దుకాణాలకు అమ్మి బతికింది. ఇల్లు గడిచింది కానీ ఇంగ్లీషు రాలేదు, వైద్యం చేతికందలేదు.

1854లో ఒక ఆశ్రమం వాళ్ల ద్వారా ఎలిజబెత్ బ్లాక్‌వెల్ సంగతి తెలిసింది. అమెరికాలో మెడికల్ డిగ్రీ తీసుకున్న మొదటి మహిళ, 1849లో. ఆమె కూడా ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినావిడే. బెర్లిన్‌లో అంత పెద్ద పదవి చూసినావిడ, వచ్చీరాని భాషతో, ఊలు అమ్ముకుంటున్నానని దాచకుండా వెళ్లి కలిసింది. బ్లాక్‌వెల్ తనే ఇంగ్లీషు నేర్పింది, క్లీవ్‌లాండ్ మెడికల్ కాలేజీలో సీటు ఇప్పించింది. 1856లో డిగ్రీ వచ్చింది. న్యూయార్క్ తిరిగొస్తే ఆడ డాక్టరుకి గది అద్దెకిచ్చేవాళ్లు లేరు. బ్లాక్‌వెల్ ఇంట్లోనే వెనక గదిలో ప్రాక్టీసు పెట్టింది. మరుసటి ఏడాది వాళ్లిద్దరూ, బ్లాక్‌వెల్ చెల్లెలు ఎమిలీ కలిసి ఆడవాళ్లకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు.

1859లో బోస్టన్‌లోని ఆడవాళ్ల మెడికల్ కాలేజీకి ప్రొఫెసర్‌గా వెళ్లింది. మైక్రోస్కోపు, థర్మామీటరు కావాలంటే ఆ కాలేజీ పెద్దమనిషి అవన్నీ యూరప్ వాళ్ల కొత్త వేషాలన్నాడట. అదీ వదిలేసి 1862లో సొంతంగా ఆసుపత్రి పెట్టింది. అక్కడి నర్సింగ్ స్కూల్లోనే 1873లో లిండా రిచర్డ్స్ డిప్లొమా తీసుకుంది, అమెరికాలో శిక్షణ పొందిన మొదటి నర్సుగా ఆమెనే చెబుతారు. 1879లో నల్లజాతి నుంచి మొదటి ట్రెయిన్డ్ నర్సు మేరీ మహోనీ కూడా అక్కడి నుంచే. మా ట్రైనింగ్‌లో నైటింగేల్ ఒక్కావిడ గురించే చెప్పారు. నర్సుగా చేరనన్నందుకు నాకొచ్చిన కోపం అక్కడితో పోయింది.

రీసెర్చ్ పోస్టులో చేరాలా వద్దా అనడిగావు. వీసాకి ఇబ్బంది లేకపోతే చేరు. దానికన్నా ముందు, న్యూజెర్సీలో ఉన్న మీ సీనియర్ అక్కకి ఈ వారమే ఫోన్ చెయ్యి. మ్యాచ్ కాలేదని కూడా చెప్పు. నీ అప్లికేషన్ చూసిపెట్టమని అడుగు. తిట్టదు, తిట్టినా పోయేదేం లేదు.

డాక్టర్ జాక్ ఆసుపత్రి మీ బోస్టన్‌లోని రాక్స్‌బరీలో ఉండేది, ఇప్పుడు అదే డిమాక్ సెంటర్ అనే ఆరోగ్య కేంద్రం. వీలుంటే ఒక ఆదివారం వెళ్లి చూసి నాకు ఫోటోలు పెట్టు. గోంగూర పచ్చడి రెడీగా ఉంది, అటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే చెప్పు.

మీ అమ్మ