ముందు గడియారం చూడండి, తర్వాతే మతిమరుపు మాట

సంపాదకులకు నమస్కారం.

అరవై దాటిన పెద్దాయన పొద్దున్నే చన్నీళ్లు పోసుకుని వచ్చి ‘ఇవాళ ఏం వారం?’ అని అడుగుతారు. చెబితే ‘ఓహో’ అంటారు. మూడు నిమిషాలకు మళ్లీ అదే ప్రశ్న, అదే గొంతుతో. భార్యను గుర్తుపడతారు, తన పేరు, ఊరు చెబుతారు, చొక్కా బొత్తాలు సరిగ్గానే పెట్టుకుంటారు. చెప్పిన మాట మాత్రం నిలవదు. ఇలాంటప్పుడు ఇళ్లలో వినపడేవి రెండే మాటలు: ‘వయసు మీద పడింది, చాదస్తం’, లేదంటే ‘ఏదో గాలి సోకింది’. పత్రికల్లో కూడా దీనికీ, అల్జీమర్స్‌కీ, దెబ్బ తగిలి స్పృహ తప్పడానికీ కలిపి ‘మతిమరుపు’ అనే ఒక్క మాటే వాడేస్తున్నారు. ఇవి ఒకటి కావు. వేరుచేసి చూడటానికి మొదట కావలసింది స్కానింగ్ కూడా కాదు, గోడ గడియారం.

పైన చెప్పిన పెద్దాయన స్థితికి వైద్యంలో ట్రాన్సియెంట్ గ్లోబల్ అమ్నీషియా అని పేరు. ఎక్కువగా 50 దాటినవాళ్లలో వస్తుంది. మెదడులో కొత్త సంగతులను జ్ఞాపకంగా మార్చే హిప్పోకాంపస్ అనే భాగం కొన్ని గంటలు పని మానేస్తుంది. ఎందుకు మానేస్తుందో వైద్యశాస్త్రం ఇంకా పూర్తిగా తేల్చలేదు. చన్నీళ్లలో మునగడం, బరువు ఎత్తడం, చావు కబురు వినడం, భార్యాభర్తల కలయిక వంటి వాటి వెంటనే రావడం మాత్రం తరచూ కనిపిస్తుంది. చివరిది ఇంటివాళ్లు సిగ్గుపడి చెప్పరు. చెబితే డాక్టరుకు సగం దారి దొరుకుతుంది.

ఎంతసేపు ఉంటుంది? చాలామందిలో నాలుగు నుంచి ఆరు గంటలు. 1990లో హాడ్జెస్, వార్లో అనే వైద్యులు ఖరారు చేసిన కొలమానాల ప్రకారం 24 గంటల లోపు తగ్గాలి, మొదలైనప్పటి నుంచి పక్కన చూసినవాళ్లు ఉండాలి, మాట తడబాటు గానీ కాలుచేయి పడిపోవడం గానీ ఉండకూడదు, ఈమధ్య తలకు దెబ్బ తగిలి ఉండకూడదు, తన పేరు మరవకూడదు. ఒక్కరోజు దాటినా తగ్గలేదంటే అది ఇది కాదు, వేరే కారణం వెతకాలి. ఆ గంటల్లో వెనకటి వారాలు, కొన్నిసార్లు సంవత్సరాలు కూడా చెరిగిపోయినట్టుంటాయి. తగ్గేటప్పుడు అవన్నీ తిరిగి వస్తాయి. ఆ నాలుగైదు గంటలు మాత్రం ఎప్పటికీ రావు, ఎందుకంటే మెదడు వాటిని అసలు రాసుకోలేదు. ‘గుర్తుతెచ్చుకో, గుర్తుతెచ్చుకో’ అని తర్వాత సతాయించడం దండగ.

మన సినిమాల్లో తలకు దెబ్బ తగలగానే హీరో ‘నేనెవర్ని?’ అంటాడు. ఈ స్థితిలో ఉన్న మనిషి ఆ ప్రశ్న ఎప్పుడూ అడగడు. ‘మనం ఇక్కడికెందుకొచ్చాం?’, ‘టైమెంత?’ అనే అడుగుతాడు. నడుస్తూ, మాట్లాడుతూ తన పేరే చెప్పలేకపోతున్నాడంటే మానసిక కారణాల వైపు కూడా చూడాలి, అయితే అది తేల్చాల్సింది డాక్టరే.

ఇంతవరకు చదివి ‘సాయంత్రానికి అదే తగ్గుతుందిలే’ అని ఎవరైనా ఇంట్లో కూర్చుంటే ఈ ఉత్తరం వల్ల మేలుకన్నా కీడే ఎక్కువ. మెదడు వెనక భాగానికి రక్తం అందని పక్షవాతం కూడా అరుదుగా ఇలాగే మొదలవుతుంది. అందుకే మొదటిసారి వచ్చినప్పుడు 108కి ఫోన్ చేయాల్సిందే. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా గడువు నాలుగున్నర గంటలు. ఆ లెక్క మొదలయ్యేది ఇంటివాళ్లు గమనించిన నిమిషం నుంచి కాదు, మనిషి చివరిసారి బాగున్నట్టు ఎవరైనా చూసిన నిమిషం నుంచి. ‘పొద్దున్నుంచీ ఇలాగే ఉన్నాడండీ’ అంటే డాక్టరు లెక్క కట్టలేడు. ‘ఆరుంపావుకు పాలబ్బాయితో బాగా మాట్లాడాడు, ఏడు కాకముందే ఇలా అయ్యాడు’ అంటే కట్టగలడు.

అంబులెన్స్ వచ్చేలోగా షుగర్ చూడాలి. మధుమేహానికి మందులు వాడేవాళ్లలో గందరగోళానికి మొదట అనుమానించాల్సింది షుగర్ పడిపోవడాన్నే. 70 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉండి, మనిషి మెలకువగా ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మరో చిక్కు ఉంది. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు మింగినవాళ్లకు ఒకసారి షుగర్ పెరిగినా గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు. తేరుకున్నాడని వెంటనే ఇంటికి తీసుకెళ్లి పడుకోబెట్టడం ప్రమాదం. ఉపవాసం ఉండి మాత్ర మాత్రం మానని రోజుల్లో ఇది మరీ జాగ్రత్తగా చూడాలి.

మరుపు గంటలోపే తగ్గిపోయి, నిద్ర లేచిన వెంటనే వస్తూ, కొన్ని వారాలకో నెలలకో తిరగబెడుతుంటే మూర్ఛ వల్ల కావచ్చు. కాలుచేతులు కొట్టుకోకుండా కూడా మూర్ఛ వస్తుందని చాలామందికి తెలియదు. దీనికి మందులు బాగా పనిచేస్తాయి.

మద్యం వల్ల వచ్చేది వేరు. ఖాళీ కడుపుతో గబగబా తాగినప్పుడు మనిషి నడుస్తాడు, వాదిస్తాడు, బండి కూడా నడుపుతాడు, తెల్లారి ఒక్కటీ గుర్తుండదు. నిద్రమాత్రలతోనూ ఇంతే. తెలంగాణలో కల్తీ కల్లు సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేం. అందులో కలిపే ఆల్ప్రజోలం, డయజిపాం అనే మత్తుమందులు జ్ఞాపకాన్ని ఆ కొన్ని గంటలు రాసుకోనివ్వవు. అంతకన్నా ముఖ్యం, అలవాటైనవాళ్లకు దుకాణం మూతపడి కల్లు ఒక్కసారిగా ఆగితే రెండు మూడు రోజుల్లో వణుకు, పొంతనలేని మాటలు, ఫిట్స్ వస్తాయి. దాడులు చేసి దుకాణాలు మూయించే ముందు ఆ మండలంలోని ఆసుపత్రికి కబురు పెట్టి మందులు సిద్ధంగా ఉంచాలి. ఏళ్ల తరబడి తాగి, సరిగ్గా తినకుండా చిక్కిపోయినవాళ్లకు ముందు థయమిన్ (బి1 విటమిన్) ఇవ్వకుండా గ్లూకోజ్ సీసా ఎక్కిస్తే ఉన్న గందరగోళం ముదిరి శాశ్వతమైన మతిమరుపుగా మారే ప్రమాదం ఉంది. ‘నీరసంగా ఉన్నాడు, ఒక సీసా పెట్టండి’ అని అడిగేవాళ్లూ, అడగ్గానే పెట్టేవాళ్లూ ఇది తెలుసుకోవాలి.

బైకు మీద నుంచి పడినవాళ్లలో కొత్త సంగతులు మళ్లీ నిలవడం ఎప్పుడు మొదలైందో చూసి దెబ్బ తీవ్రతను అంచనా వేస్తారు. గంటలోపు అయితే తేలిక, రోజు దాటితే తీవ్రం. దెబ్బకు ముందు అరగంట కన్నా ఎక్కువసేపు గుర్తులేకపోయినా, రెండుసార్లు వాంతి అయినా, వయసు 65 దాటినా, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా సీటీ స్కాన్ విషయంలో ఆలస్యం చేయకూడదు.

రోజుల తరబడి హెచ్చుతగ్గులతో సాగేది మరో రకం. పగలు బాగుండి, చీకటి పడగానే గోడ మీద మనుషులున్నారంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఎండదెబ్బ, బీపీకి వాడే నీటిమాత్రల వల్ల పడిపోయిన సోడియం దీనికి సాధారణ కారణాలు. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. బాగా తగ్గినదాన్ని ఒక్కరోజులో పైకి ఎగదోస్తే మెదడు దెబ్బతింటుంది కాబట్టి మెల్లగానే పెంచాలి. కారణం సరిచేశాక కూడా పూర్తిగా కుదురుకోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ఇంటివాళ్లు ఓపిక పట్టాల్సింది ఇక్కడే.

ఎమ్మారై గురించీ ఒక మాట. ట్రాన్సియెంట్ గ్లోబల్ అమ్నీషియాలో హిప్పోకాంపస్ మీద కనిపించేది ఒకటి నుంచి ఐదు మిల్లీమీటర్ల చుక్క. అది మొదటి గంటల్లో తరచూ కనపడదు, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా కనపడుతుంది. మొదటి స్కాన్‌లో ఏమీ లేదన్నంత మాత్రాన ఆ మనిషి నటించినట్టు కాదు. దీనికి ప్రత్యేకమైన మందూ లేదు. ‘జ్ఞాపకశక్తికి’ అని నెలల తరబడి రాసే టానిక్కులు ఈ జబ్బుకు అక్కర్లేదు.

ప్రభుత్వాన్ని అడగాల్సింది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. క్యాజువాలిటీలో ఇచ్చే ఓపీ చీటీ మీద, పేరు, వయసు కింద ‘చివరిగా బాగున్న సమయం’ అని ఒక గడి అచ్చువేయించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గందరగోళంతో వచ్చిన ప్రతి మనిషికీ వేలిచుక్కతో షుగర్ చూసి, ఆ అంకె, చూసిన టైము పెద్దాసుపత్రికి పంపే చీటీ మీద రాయాలి.

ఇంటివాళ్లు చేయగలిగింది: ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీయండి, ఆ ప్రశ్నలు, నడక, ముఖం అందులో పడాలి. ఆసుపత్రికి చేరేసరికి మనిషి తేరుకుంటే డాక్టరుకు మిగిలే సాక్ష్యం అదొక్కటే. వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకోండి. బండి తాళాలు తీసేసుకోండి. ఒంటరిగా వదలకండి. అడిగిన ప్రశ్న యాభై సార్లు అడిగినా విసుక్కోకుండా జవాబివ్వండి, లేదా ఒక కాగితం మీద ‘ఇవాళ మంగళవారం, మనం ఆసుపత్రికి వెళ్తున్నాం, అందరూ క్షేమం’ అని పెద్ద అక్షరాలతో రాసి చేతికివ్వండి. చదివిన సంగతి కూడా మరిచిపోతారు, కానీ కాగితం చేతిలోనే ఉంటుంది, మళ్లీ చదువుకుంటారు.

– ఒక న్యూరాలజీ వైద్యుడు, గుంటూరు