కాదంటే కారణం కాగితంపై ఇవ్వాలి

శాంతియుత ధర్నాకు అనుమతి అడిగితే చివరిదాకా నాన్చి, నోటిమాటతో కాదనే పద్ధతి మన హైదరాబాద్‌ నగరంలో ఆగాలి. మంచినీళ్లు సరిగా రావడం లేదని, ఇందిరా పార్కు దగ్గర ఒక్క పూట కూర్చుంటామని మా కాలనీవాళ్లం పది రోజుల ముందే పోలీసులకు దరఖాస్తు ఇచ్చాం. ముందురోజు సాయంత్రం 'కుదరదు' అని ఫోనొచ్చింది. ఎందుకు కుదరదో చెప్పలేదు. రాత్రంతా కూర్చుని రాసుకున్న ప్లకార్డులు గోడకు ఆనించి, తెల్లారి ఆడవాళ్లు బిందెలతో ట్యాంకర్ దగ్గర నిలబడ్డారు. 2022లో రష్యాలో యుద్ధం వద్దంటూ ఖాళీ కాగితం పట్టుకున్నవాళ్లనూ పోలీసులు పట్టుకెళ్లారు. అదే ఏడాది చైనాలో కొవిడ్ ఆంక్షలపై జనం తెల్లకాగితాలే ఎత్తారు, ఏం రాసినా ప్రమాదమని. మనకు ఆ దుస్థితి లేదు. నేను పేరు పెట్టి ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. కానీ 1975 జూన్ నుంచి 21 నెలలు ఎమర్జెన్సీలో ఇక్కడా నోళ్లు మూయించారు. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలోనే ఉంది. అయినా ఇందిరా పార్కు దగ్గర ధర్నాలు జరిగే చోటు, 2017లో మూసేసిన ధర్నాచౌక్, 2018లో హైకోర్టు చెబితేగానీ తెరుచుకోలేదు. ప్రతిసారీ కాలనీవాళ్లు కోర్టుకెక్కగలరా? దరఖాస్తు తీసుకున్న వెంటనే రసీదు ఇవ్వాలి. మూడు రోజుల్లో జవాబు చెప్పాలి. నిరాకరిస్తే కారణం రాసి సంతకంతో ఇచ్చి, ప్రత్యామ్నాయ తేదీ కూడా సూచించాలి. గడువులోగా జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్కగట్టేలా రాష్ట్ర ప్రభుత్వం వెంటనే ఉత్తర్వు జారీ చేయాలి.