మెట్ల బావుల అడుగు బురద పారబోయొద్దు
సిటీలో పాత మెట్ల బావుల పూడిక తీసేటప్పుడు అడుగు బురదని కనీసం చూడకుండానే లారీలకెత్తి డంప్ చేసేస్తున్నారు, ఇది ఆపాలి. మా ఏరియా బావి దగ్గర చూశా, కుండ పెంకులు, దీపాలు కనిపిస్తే పక్కన పెట్టారు, మిగతాదంతా జేసీబీతో తోడేశారు. ఆ నల్ల బురదలో గాలి ఆడదు కాబట్టి పురుగుల రెక్క డిప్పలు వందల ఏళ్ళయినా చెడిపోకుండా ఉండొచ్చు, అవి చెప్పే సంగతులు పెంకులు చెప్పవు. బ్రిటన్‌లోని యార్క్‌లో రోమన్ల కాలపు పొరల్లో ధాన్యం తినే ముక్కుపురుగులు బోలెడు దొరికాయి, ఆ పురుగుకి ఎగరడం రాదు, అంటే మనుషులు తెచ్చిన ధాన్యంతోనే వచ్చిందన్నమాట. ఇజ్రాయెల్‌లోని లాకిష్‌లో దొరికిన దాదాపు 3700 ఏళ్ళ నాటి దంతపు దువ్వెన పళ్ళలో పేల అవశేషాలు ఇంకా ఉన్నాయి (దంతపు దువ్వెన వాడేంత ఉన్నోళ్ళకీ పేలు తప్పలేదు!). మన బావుల్లో పేడపురుగులు తేలితే ఒడ్డున పశువులు మసిలేవని, బియ్యం పురుగులు తేలితే పక్కన గింజలు నిల్వ చేసేవారని ఊహించొచ్చు కదా. పైన ఉన్న ప్లాస్టిక్ చెత్త తీసి పారెయ్యండి, ఎవరూ వద్దనరు, అడుగు పొరలకొచ్చాక మాత్రం ఒక్కో పొర నుంచి ఒకట్రెండు బకెట్ల మట్టి తీసి లోతు రాసి సీల్ చేసి దాచాలి. దాన్ని 300 మైక్రాన్ల (0.3 మిల్లీమీటర్ల) కన్నాలున్న జల్లెడలో కడిగి, కిరోసిన్ పట్టించి నీళ్ళు పోస్తే పురుగుల ముక్కలు పైకి తేలతాయి, పెద్ద ఖర్చేం కాదు. గుర్తుపట్టడానికి ఉస్మానియా జువాలజీ వాళ్ళని, రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళని అడగొచ్చు. వారసత్వ శాఖ ఈ షరతుని పూడికతీత టెండర్‌లోనే పెట్టించాలి, లేకపోతే కాంట్రాక్టర్ ఎందుకు పట్టించుకుంటాడు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్