చెక్ పవర్ పోయే దారి

ఒరే రమణా,

మీ అన్నయ్య ఈసారి సర్పంచిగా నిలబడతానంటున్నాడని రాశావు. గెలిచే సంగతి మీ ఊరోళ్లు చూసుకుంటారు గానీ, పడిపోవడం ఎక్కడ మొదలవుతుందో ముందు తెలుసుకోమను. మన సిక్కోలు పల్లెల్లో నాయకుడు ఎదుటి పార్టీ దెబ్బకి పడడం తక్కువరా. బిల్లుల దగ్గరే పడతాడు.

సర్పంచిని జనం నేరుగా ఎన్నుకుంటారు కాబట్టి వార్డు మెంబర్లంతా ఏకమైనా అవిశ్వాసం పెట్టి దింపలేరు. దాంతో మొదటి ఏడాది మహా ధీమాగా ఉంటాడు. గౌరవ వేతనం నెలకి 3,000. పొద్దున్నే అరుగు మీద చేరే జనం టీలకే చాలదు. మరి ఎన్నికల్లో పెట్టిందెలా తిరిగొస్తుంది? పనుల్లో రావాలి.

సిమెంటు రోడ్డే తీసుకో. తీర్మానం, ఇంజినీరు (ఏఈ) ఎస్టిమేటు, మంజూరు, పని, ఎం-బుక్కులో (పని కొలతలు రాసే పుస్తకం) కొలతలు, పై ఇంజినీరు డీఈఈ మళ్లీ కొలిచే చెక్ మెజర్‌మెంటు, ఇవన్నీ అయ్యాక బిల్లు. కాగితం మీద కాంట్రాక్టరు పేరు బావమరిదిది, అప్పు మాత్రం ఇతనిది. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి సిమెంటు, కంకర దించుతాడు. 5 లక్షలు ఏడాది ఇరుక్కుపోతే వడ్డీయే 1,20,000. మిగులుతుందనుకున్నది అక్కడే ఆవిరి. 2019లో ప్రభుత్వం మారాక ఉపాధి హామీ మెటీరియల్ బిల్లులు ఆగిపోయి హైకోర్టుదాకా వెళ్లాయి, గుర్తుందా?

అప్పు పీకమీదికొచ్చాకే తప్పు చేస్తాడు. ఎస్టిమేటులో 15 సెంటీమీటర్ల మందం ఉంటే 12 పోస్తాడు. క్వాలిటీ కంట్రోల్ వాళ్లు రోడ్డులోంచి కోర్ (గుండ్రటి ముక్క) కోశారంటే ఆ ముక్కే సాక్ష్యం. ఇంకొకడు ఏమీ తినడు, నిధులు కలిపేస్తాడు. 15వ ఆర్థిక సంఘం (2021-26) డబ్బులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే. మిగతా 40 శాతం ఊరి అవసరాలకి, అందులోంచి కూడా జీతాలివ్వకూడదు. బోరు మోటారు పేరున బిల్లు పెట్టి రోడ్డు వేస్తే, రోడ్డు కళ్లెదురుగా ఉన్నా ఆడిట్లో అది దుర్వినియోగమే. నాకైతే ఈ రెండోవాడి మీదే జాలి.

ఇప్పుడు చెల్లింపులన్నీ డిజిటల్ సంతకాలతోనే కదా. ఆ సంతకం కీ (పెన్ డ్రైవ్ లాంటిది) సెక్రటరీ బీరువాలో పడేసి తిరిగేవాళ్లున్నారు. మహిళా సర్పంచి అయితే చాలాచోట్ల అది మొగుడి జేబులో ఉంటుంది. సంతకం ఆవిడది, షోకాజు నోటీసూ ఆవిడకే.

ఫిర్యాదు ఎదుటివాడే రాశాడనుకుంటారు. వాడికి వోచరు నంబర్లెలా తెలుస్తాయిరా? వాటా తేలని ఉపసర్పంచో, డబ్బు అందని సొంత కాంట్రాక్టరో లోపల్నించి ఇస్తాడు. జిల్లా పంచాయతీ అధికారి (డీపీవో) విచారణకి పంపుతాడు, వచ్చినవాళ్లు క్యాష్‌బుక్కు, వోచర్లు, ఎం-బుక్కు, గ్రామసభ మినిట్సు పక్కపక్కన పెట్టి చూస్తారు. 1994 పంచాయతీరాజ్ చట్టం 249వ సెక్షన్ కింద తొలగించే అధికారం కలెక్టరుది. తొలగించకపోయినా చెక్ పవర్ (పంచాయతీ డబ్బు చెల్లించే సంతకం అధికారం) ఆపితే చాలు, వీధి లైటు మాడినా ఇతన్ని అడిగేవాడుండడు. హైకోర్టు స్టే తెచ్చుకోవచ్చు. కానీ వాయిదాల మధ్య పదవీకాలం కరిగిపోతుంది, అప్పులోళ్లు మాత్రం వాయిదాలివ్వరు.

ఎంపీపీ (మండల పరిషత్ అధ్యక్షుడు) లెక్క వేరు. అక్కడ అవిశ్వాసం ఉంది. సగం మంది సంతకాలతో ఆర్డీవోకి నోటీసు, 15 రోజుల ముందు కబురు పెట్టి 30 రోజుల్లోపు మీటింగు, మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. 20 మంది ఎంపీటీసీలుంటే 10 సంతకాలు, 14 చేతులు. ఈలోగా సభ్యులు జారిపోకుండా ఊరు దాటించి పెట్టే క్యాంపులు. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో వాడే తర్వాత ఎంపీపీ, వాడి అప్పు అక్కడ మొదలు.

అన్నయ్యకి మూడు ముక్కలు చెప్పు. మంజూరు కాగితం చేతికి రాకుండా పలుగు పట్టనివ్వొద్దు. వోచర్ల జిరాక్సులు ఇంట్లో ఓ సెట్టు పెట్టుకోవాలి. తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీ కింద సంతకం, సెక్రటరీ ఎంత మంచోడైనా సరే, పెట్టొద్దు.

వదినకి నమస్కారాలు చెప్పు. నామినేషన్ వేసేముందు ఒకసారి ఫోన్ చెయ్యమను.

నీ
సూరి