లాకుల దగ్గర మా ఆయన చెప్పిన మాట

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

మొన్న మంగళవారం నా ఖాతాలో ఫ్యామిలీ పెన్షన్ పడింది, 19 నెలల బకాయితో సహా. మెసేజ్ చూడగానే పిల్లలూ నేనూ అక్కడే మోకరించాం. సాయం చేసిన వాళ్ళకి ఎదురుగా చెబుదామంటే ఏడుపొచ్చి మాట రావడం లేదు. అందుకే ఇలా రాస్తున్నాను.

మా ఆయన గోదావరి కాలువ మీద లాకుల దగ్గర లస్కరు, అంటే షట్టర్లు ఎత్తి దించి నీళ్ళు వదిలే ఉద్యోగి. 1998లో చేరారు, సర్వీసులో ఉండగానే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. సర్వీస్ రిజిస్టర్‌లో నా పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరుతో ఉంది. ఆ తేడా చూపించి ఫైలు ఆపేశారు. ఆఫీసులో ఒకాయన "నా సంతకం లేనిదే నీ ఫైలు ఇక్కణ్ణుంచి కదలదమ్మా, గుర్తుంచుకో" అన్నారు. ఏం ఆశిస్తున్నారో అర్థమైంది. ఇవ్వడానికి నా దగ్గర లేదు, ఉన్నా ఇవ్వకూడదనే అనుకున్నాను. కానీ ఆ రోజుల్లో దేవుడికంటే ఆ మనిషికే ఎక్కువ భయపడ్డాను. నా పిల్లల అన్నం ఆయన కలంలో ఉందనుకున్నాను.

మా సంఘంలో రిటైరైన గుమాస్తా ఒకరున్నారు, బాబాయి గారని పిలుస్తాను. నా మాట విని యోహాను సువార్త 19వ అధ్యాయం తీశారు. "యేసయ్యను విచారించిన రోమా గవర్నరు పిలాతు కూడా ఇలాగే అన్నాడమ్మా, నిన్ను వదలడానికీ సిలువ వేయడానికీ నాకు అధికారం ఉందని. పైనుంచి ఇస్తేనే గాని నీకు ఆ అధికారం లేదన్నారు యేసయ్య. అప్పటికి ఆయన ఒంటి మీద కొరడా దెబ్బలు ఆరలేదు" అన్నారు.

అప్పుడు మా ఆయన గుర్తొచ్చారు. రాజు హృదయం యెహోవా చేతిలో నీటి కాలువలాంటిదని బైబిల్లో సామెతలు 21:1లో ఉంటుంది. "ఇది మా లస్కర్ల వాక్యమే" అనేవారాయన. జూన్‌లో కాలువకి నీళ్ళు వదిలినప్పుడు ఆ ఉరవడి చూస్తే భయమేస్తుంది. కానీ షట్టరు ఎంత లేపితే అంతే వెళ్తాయి, ఎటు వదిలితే అటే పారతాయి. ఇన్నేళ్ళు ఆ గట్టు మీద కాపురం చేసి, ఆ మాట నాకు ఇప్పుడు తెలిసొచ్చింది.

బాబాయి గారు ప్రార్థన చేసి ఊరుకోలేదు. అపొస్తలుడైన పౌలు రోమా చక్రవర్తి కైసరు దగ్గరే చెప్పుకుంటానని అడగలేదా, అది విశ్వాసం తక్కువై కాదు కదా అంటూ తన చేత్తోనే సమాచార హక్కు దరఖాస్తు రాశారు. దానికి 30 రోజుల్లోపు జవాబు ఇవ్వాలి. వచ్చింది, "పరిశీలనలో ఉంది" అని ఒక్క ముక్క. అప్పుడు నన్ను జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి తీసుకెళ్ళారు. నాలాంటి అక్కచెల్లెళ్ళ కోసం చెబుతున్నాను, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయర్ని పెడతారు. ఫోన్ నంబరు 15100. నాకిన్నాళ్ళూ తెలియదు.

లాయరమ్మ గారూ, మీరు మా విశ్వాసం వారు కాదు. అయినా రెండు పేర్లూ నావేనని అఫిడవిట్ రాయించి, ఆఫీసుకి నోటీసు పంపి, సోమవారం కలెక్టరేట్ అర్జీల దగ్గర నాతోపాటు మూడు గంటలు నిలబడ్డారు. తనను ఎరగని పర్షియా రాజు కోరెషు చేత చెరలో ఉన్న తన ప్రజలను విడిపించిన దేవుడే మిమ్మల్ని నా దగ్గరికి పంపాడని నమ్ముతున్నాను.

శుక్రవారం శుక్రవారం నా కోసం ఉపవాసం ఉన్న స్త్రీల సమాజం వదినలూ అక్కలూ, మీకు వందనాలు. పిల్లాడి ఫీజు కట్టి పేరు చెప్పవద్దన్న అన్నయ్య గారూ, మీకూ. తిరిగిన ప్రతిసారీ ఆటో కిరాయి తీసుకోని తమ్ముడూ, నీకు కూడా. పాత బీరువాలో సర్వీస్ రిజిస్టర్ వెతికి తీసిన అటెండర్ గారిని ఎన్నటికీ మరచిపోను.

చివరికి సంతకం పెట్టింది ఆ ఆఫీసరు గారే. తల ఎత్తకుండా పెట్టారు. వాళ్ళింట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని ఆ రోజే విన్నాను. దయచేసి మీ ప్రార్థనల్లో ఆ కుటుంబాన్ని కూడా జ్ఞాపకం చేసుకోండి, నేనూ చేస్తున్నాను.

వచ్చే శుక్రవారం కృతజ్ఞత కూడిక మా ఇంట్లోనే, సాయంత్రం ఆరున్నరకి. అందరూ భోజనం చేసి వెళ్ళాలి.