బ్రిటన్ ఒప్పందం చెరువు గట్టు దాకా రావాలి

కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

అయ్యా,

2025 జూలై 24న లండన్‌లో సంతకాలైన భారత్-బ్రిటన్ వాణిజ్య ఒప్పందంలో రొయ్యల మీద 4.2 నుంచి 8.5 శాతం వరకు ఉన్న బ్రిటన్ సుంకాన్ని సున్నా చేయించారు. అందుకు కృతజ్ఞతలు. బ్రిటన్ కొనే సముద్ర ఉత్పత్తుల్లో మన వాటా 2.25 శాతమేనని మీ ప్రభుత్వమే చెప్పింది. ఒక్క అమెరికానే నమ్ముకుంటే ఏమవుతుందో ఆ మరుసటి నెలలో పడ్డ 50 శాతం సుంకం చూపించింది. అందుకే బ్రిటన్ మార్కెట్ మాకు అవసరం. వినతిపత్రాలకు జవాబు రాలేదు కాబట్టి ఇలా అందరి ముందూ రాస్తున్నాం.

సుంకం పోయినంత మాత్రాన సరుకు అక్కడికి చేరదు. ఏ చెరువులో పట్టారో, యాంటీబయోటిక్ పరీక్ష అయిందో లేదో చెప్పే కాగితం ఉండాలి. దానికి ముందు చెరువు నమోదై ఉండాలి. చిక్కంతా ఇక్కడే. గోదావరి జిల్లాల్లో చెరువులు చేసేవాళ్లలో కౌలుదార్లు చాలామంది. కౌలంతా నోటిమాటే. హక్కు అడుగుతారేమోనని యజమాని కాగితం రాయడు. కౌలుపత్రం లేక నమోదు కాదు. నమోదు కాక ఎంపెడా (కేంద్ర సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) ల్యాబ్‌లో పట్టుబడికి ముందు చేసే పరీక్ష జరగదు. పరీక్ష లేదని ఏజెంట్ ధర కోస్తాడు. మేతకు అప్పు తెచ్చింది, రాత్రంతా నీటికి గాలి అందించే ఏరేటర్ల దగ్గర కాపలా ఉన్నది కౌలు రైతు. రికార్డుల్లో ఆయన పేరే లేదు.

నమోదైన రైతుకు కూడా కష్టం తప్పడం లేదు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలినా, వైట్ స్పాట్ (తెల్లమచ్చల) తెగులు కనబడినా వెంటనే వల వేయాల్సిందే. శాంపిల్ ఇచ్చి ఫలితం కోసం ఆగితే చెరువు అడుగున చచ్చిన రొయ్య పోగుపడుతుంది. 50 కౌంటుకు (కిలోకు 50 రొయ్యలు తూగేలా) పెంచాలనుకున్న సరుకును చిన్నగా ఉండగా 100 కౌంటులోనే పట్టేసి, పరీక్ష లేకుండా వచ్చిన ధరకు అమ్ముకుంటున్నారు. ఇలాంటి పట్టుబడికి అదే రోజు ఫలితం ఇచ్చే ఏర్పాటు చేయండి. ల్యాబ్ రాత్రి కూడా తెరిచి ఉండాలి.

నిషేధించిన యాంటీబయోటిక్ క్లోరాంఫెనికాల్ జాడ కిలో రొయ్యలో ఒక మైక్రోగ్రాము లోపున్నా పరీక్షలో దొరికిపోతుంది. నైట్రోఫ్యూరాన్‌లనే నిషేధిత మందులదీ ఇదే సంగతి. చాలామంది రైతులు అవి తెలిసి వేయరు. ప్రోబయోటిక్ అనో మినరల్ మిక్చర్ అనో అమ్మే కొన్ని ప్యాకెట్ల మీద లోపల ఏముందో పూర్తిగా రాయరు. రైతు దాన్ని జెల్‌తో మేతకు పట్టించి, నీడన ఆరబెట్టి చల్లుతాడు. కంటైనర్ వెనక్కొచ్చాక రైతును నిలదీసే బదులు, ముందే దుకాణాల్లో ఆ ప్యాకెట్ల శాంపిళ్లు, హ్యాచరీల్లో సీడ్ (రొయ్య పిల్లల) శాంపిళ్లు తీయించండి.

బ్రిటన్ సూపర్‌మార్కెట్లు సాగు పద్ధతిగా జరిగిందని చెప్పే ఏఎస్‌సీ, బీఏపీ అనే అంతర్జాతీయ ధ్రువీకరణలు అడుగుతాయి. రెండు మూడెకరాల రైతు ఆ ఆడిట్ ఖర్చు ఒక్కడే మోయలేడు. పక్కపక్క చెరువులను నాక్సా (చిన్న రైతులను కూడగట్టే ఎంపెడా అనుబంధ సంస్థ) సంఘాలుగా కలిపి, మొదటి ఆడిట్ ఖర్చు కేంద్రమే భరించాలి.

అన్నిటికన్నా ముందు కౌలు రైతు నమోదు సంగతి తేల్చండి. యజమాని సంతకంతో పని లేకుండా, గ్రామ మత్స్య సహాయకుడు చెరువు చూసి ఇచ్చే ధ్రువీకరణ చాలని ఉత్తర్వు ఇప్పించండి. ఢిల్లీ వాళ్లు ఇది రాష్ట్రం పని అంటారు, రాష్ట్రం వాళ్లు ఎగుమతులు కేంద్రానివి అంటారు. దయచేసి రాష్ట్ర మత్స్యశాఖను, ఎంపెడాను ఒకచోట కూర్చోబెట్టండి. తర్వాతి పంటకు సీడ్ వదిలేలోపు ఆ ఉత్తర్వు రావాలని వేడుకుంటున్నాం.

ఇట్లు,
పశ్చిమ గోదావరి జిల్లా రొయ్య రైతులు