బెల్టూ హోల్‌స్టరూ పంపుతున్నా, బెజ్జాలు మాత్రం కొట్టలేదు

ఒరేయ్ చిన్నా,

పార్సిల్ ఇవాళే కట్టేసా. నీ నాటకానికి అడిగినవే, పైనున్నది బెల్టు, కింద పాత తువాల్లో చుట్టింది హోల్‌స్టరు, అదే తుపాకీ పెట్టుకునే తోలు ఒర, దాన్లోనే నువ్వు పంపిన డమ్మీ రివాల్వరు కూడా ఉంది. ముందు ఈ ఉత్తరం చదివి అప్పుడు విప్పు. చదవకుండా విప్పేసి నడుముకి చుట్టుకుని "అమ్మా దీనికి బెజ్జాలే లేవు" అని ఫోన్ చేస్తావని నాకు తెలుసు. లేవు. కావాలనే కొట్టలేదు.

నడుం ఎంతరా అనడిగితే 34 అని మెసేజ్ పెట్టి ఊరుకున్నావ్. అది ప్యాంటు సైజు నాయనా. ప్యాంటు మీద వేసే నంబరుకీ నీ నడుముకీ పొంతన ఉండదు, పైగా గన్ బెల్టు ప్యాంటు లూపుల్లోంచి పోదు, చొక్కా మీదుగా, ప్యాంటు మీదుగా వచ్చి కొంచెం కిందకి జారి తుంటి మీద కూర్చుంటుంది, దాని మీద మళ్ళీ హోల్‌స్టరు ఎక్కాలి, ఇంతా కలిపితే నువ్వు చెప్పినదానికి మూడు నాలుగు అంగుళాలు ఎక్కువే పడుతుంది. నీ మాట నమ్మి కోసుంటే నీ నాటకంలో షెరీఫ్ గారు ఊపిరి బిగబట్టుకునే డైలాగులు చెప్పేవాడు. అందుకే పొడుగ్గా ఉంచా. చివర ఏం చెయ్యాలో చివర్లో చెప్తా.

ఇన్ని నెలలు ఎందుకు పట్టిందని రెండుసార్లు అడిగావ్, రెండుసార్లూ మాట మార్చేసా. అసలు సంగతేంటంటే మొదటి హోల్‌స్టరు పాడుచేసా. పువ్వులన్నీ చెక్కి, కుట్టి, తడిపి, డమ్మీని లోపల పెట్టి నొక్కి చక్కగా షేపు తెచ్చా, ఇక ఆరడమే. రెండ్రోజులు ఆగలేక ఓవెన్ కొంచెం వేడి చేసి లోపల పెట్టా. ఫోన్ వచ్చింది, మాట్లాడుతూ మర్చిపోయా. తీసేసరికి మూతి దగ్గర తోలు ముడుచుకుపోయి, గట్టిగా అప్పడంలా అయిపోయింది, వేలితో వంచితే పటుక్కుమంది. పొడి తోలు ఎంతోకొంత తట్టుకుంటుంది గానీ తడి తోలు 70, 80 డిగ్రీల దగ్గరికెళ్తే లోపలి పోగులే కుంచించుకుపోతాయి, ఇంక ఏ నూనె రాసినా వెనక్కి రాదు. ఇరవయ్యేళ్ళ నుంచి ఈ పని చేస్తున్నదాన్ని, తెలిసీ చేసా. అందుకే చెప్పలేదు, సిగ్గేసింది.

సరే, రెండోది. తోలు చెట్టు బెరడుతో పదును చేసిందే వాడాలి, క్రోమియం ఉప్పుతో పదును చేసే క్రోమ్ తోలు మెత్తగా బాగుంటుంది గానీ స్టాంపు, అంటే ఇనుప అచ్చు, పెట్టి కొడితే గుర్తు నిలవదు, రబ్బరులా మళ్ళీ పైకొచ్చేస్తుంది. మందం ఔన్సుల్లో చెప్తారు, ఒక ఔన్సు అంటే అంగుళంలో 64వ వంతు, అంటే 0.4 మిల్లీమీటరు. నీ హోల్‌స్టరు 8 ఔన్సులు, బెల్టు రెండు పొరలు, పైది 8, లోపల అస్తరు 4. ఒకటే మందపాటి ముక్కతో చెయ్యొచ్చు కదా అంటే చెయ్యొచ్చు, కానీ వెనకవైపు నూగు బట్టలకి అంటుతుంది, కొన్నాళ్ళకి సాగుతుంది. రెండు పొరలు అతికించేటప్పుడు బల్ల మీద చదునుగా పెట్టి అతికించకూడదు, నడుం చుట్టూ తిరిగినట్టు కొంచెం వంచి అతికించాలి, లేకపోతే పెట్టుకున్నాక లోపలి పొర ముడతలు పడుద్ది.

చెక్కుడు గురించి ఎంత చెప్పినా తనివి తీరదు నాకు. తోలు తడిపిన వెంటనే కోస్తే జావలా ఉంటుంది, పూర్తిగా ఆరాక కోస్తే కత్తి కీచుమంటుంది. తడిపి, కవర్లో చుట్టి రాత్రంతా వదిలేసి, పొద్దున తీసి కాసేపు గాలికి పెడితే రంగు దాదాపు మామూలుకొస్తుంది, కానీ చెంపకి ఆనిస్తే ఇంకా చల్లగా తగుల్తుంది. అదీ టైము. అప్పుడు స్వివెల్ నైఫ్, అదే కాడ తిప్పితే మొన తిరిగే చెక్కుడు కత్తి, పెడితే వెన్నలో దిగినట్టు దిగుతుంది. చిన్నప్పుడు నువ్వు ఆ కత్తి తీసుకుని పెన్నులా పట్టుకునేవాడివి గుర్తుందా, దాన్ని అలా పట్టుకోరు, పైనున్న వంకీలో చూపుడువేలు పెట్టి నొక్కుతూ, బొటనవేలూ మధ్యవేలుతో కాడని తిప్పుతూ పోవాలి. లోతు తోలు మందంలో మూడో వంతు, మహా అయితే సగం. గీత పడ్డాక చెరిపేది లేదు.

గీత అయ్యాక బెవెలర్, అంటే వాలుగా అణిచే స్టాంపు. గీతకి ఒకవైపు మాత్రమే అణచాలి, అప్పుడు రెండోవైపున్న రేకు లేచినట్టు కనిపిస్తుంది. కింద గ్రానైట్ పలక, చేతిలో మాలెట్ అనే సుత్తి, టకటకటక అని కొడుతూ స్టాంపుని ప్రతి దెబ్బకీ సగం వెడల్పు జరుపుతూ పోతే గుర్తులు విడివిడిగా కనపడవు, నున్నగా ఒకటే వాలు వస్తుంది. నా చేతిలో ఆ టకటక ఆగిందంటే ఎక్కడో తప్పు పడిందని అర్థం. తర్వాత రేకులకి షేడింగు, కాడలకి ఈనెలు, పువ్వు మధ్యలో గింజల చుక్కలు, ఆపైన మిగిలిన ఖాళీ అంతా అణిచేసే బ్యాక్‌గ్రౌండు, అన్నిటికన్నా చివర మళ్ళీ కత్తితో అలంకారం గీతలు. ఆ చివరి గీతల్లోనే ఎవరి చెయ్యి వాళ్ళది తెలిసిపోతుంది, సంతకంలాగ. నావి కొంచెం పొట్టిగా ఉంటాయి, చూడు.

డిజైను షెరిడాన్ స్టయిలు. అమెరికాలో వ్యోమింగ్ రాష్ట్రంలో షెరిడాన్ అనే ఊరి పేరే దానికొచ్చింది, డాన్ కింగ్ అనే, గుర్రపు జీన్లు చేసే ఆయన చేతిలో ఎదిగిందని ఈ పని తెలిసినవాళ్ళందరూ ఒప్పుకుంటారు. చిన్న చిన్న అడవి గులాబీలు ఒత్తుగా, కాడలు గుండ్రంగా సుడులు తిరుగుతూ ఒకదాని కిందనుంచి ఒకటి దూరిపోతూ ఉంటాయి. కాడ ఎక్కడ మొదలైందో వెతుకుతూ పోతే కన్ను మళ్ళీ మొదటికే వస్తుంది. మరీ పాతది కాదు, గత శతాబ్దం మధ్యలోది, నీ నాటకం కాలానికి సరిపోదని ఎవరైనా అంటే నిజమే అను, మా అమ్మకి ఇదే ఇష్టం అను. అసలు తోలు మీద పూలు చెక్కడం స్పెయిన్ వాళ్ళు మెక్సికోకి తెస్తే అక్కడి పశువుల కాపర్ల జీన్ల మీదనుంచి ఉత్తరానికి ఎక్కింది.

ఇంక నీకు కోపం వచ్చే విషయం. నువ్వు సినిమాలో లాగా తొడ దాకా వేలాడేది, కింద తాడు కట్టేది కావాలన్నావ్. చెయ్యలేదు. బెల్టులోనే చీలిక పెట్టి హోల్‌స్టర్ని కిందకి వేలాడదీసే ఆ మోడలు దాదాపుగా సినిమావాళ్ళ పుణ్యమే. నీ డమ్మీ 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్‌కి కాపీ, నాలుగు ముప్పావు అంగుళాల గొట్టం, మీ నాటకం జరిగేది కూడా ఆ రోజుల్లోనే. అప్పుడు వాడింది మెక్సికన్ లూప్ అనే రకం. ఒకటే తోలు ముక్క, సగం ముందు హోల్‌స్టరు, సగం వెనక్కి మడిచిన పొడుగు పట్టీ, ఆ పట్టీలో రెండు అడ్డ చీలికలు, హోల్‌స్టరే ఆ చీలికల్లోకి దూరి నిలబడుతుంది. బెల్టు ఆ మడతలోంచి పోతుంది. బకిల్ లేదు, రివెట్ లేదు. నాకు ఇంతకన్నా తెలివైన డిజైను తెలీదు. నువ్వు తాడు కావాలని ఏడిస్తే చెప్పు, ఒక తోలు తాడు కోసి పంపుతా, కానీ నా పనికి కట్టొద్దు.

కుట్టు చేత్తోనే వేసా. ఒకే దారం, రెండు చివర్లా రెండు సూదులు, ఆరెతో బెజ్జం పొడిచి అటునుంచి ఒకటి ఇటునుంచి ఒకటి అదే బెజ్జంలో దాటించడం. మిషన్ కుట్టులో పైదారం తెగితే వరసగా ఊడొస్తుంది, దీన్లో ఒకచోట తెగినా పక్క కుట్లు పట్టుకునే ఉంటాయి. అంగుళానికి 7 కుట్లు. హోల్‌స్టరు అంచున రెండు పొరల మధ్యలో ఒక సన్నటి పట్టీ పెట్టా, అంచు వైపు చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి, అది లేకపోతే గొట్టం మీద గురి చూసుకోడానికి ఉండే ముక్క దారాన్ని రోజూ కొంచెం కొంచెం కోసేస్తుంది.

ఫినిషింగు మాత్రం తొందర పడలేదు ఈసారి. రెండ్రోజులు గాలికే ఆరనిచ్చా, ఫోన్ వచ్చినా సరే. తర్వాత పల్చగా నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ళ ఎముకల్లోంచి తీసేది), ఒక రోజు ఆగి పువ్వుల వెనక ఖాళీలో సన్న కుంచెతో ముదురు గోధుమ రంగు డై, ఆరాక పైన రెండు పూతలు రెసిస్టు, అంటే రంగు ఇంకకుండా ఆపేది, ఆ తర్వాత యాంటిక్ పేస్టు. ఇదే గుండె దడ వచ్చే ఘట్టం. అంత కష్టపడి చెక్కినదాని మీద నల్లటి ముద్ద పులిమేస్తాం, ఒక్క నిమిషం అంతా నాశనం అయిపోయినట్టే ఉంటుంది, వెంటనే పొడి గుడ్డతో తుడిస్తే పైభాగం తేట పడి గీతల్లోనూ గుంటల్లోనూ మాత్రం ఆ ముదురు మిగిలి పువ్వు లేచి నిలబడుతుంది. రెసిస్టు ఎక్కడైనా అంటకపోతే అక్కడ మచ్చే. అంచులు 220 నుంచి 600 దాకా సాండ్ పేపరు మార్చుకుంటూ రుద్ది, కొంచెం తడి, కొంచెం ట్రాగకాంత్ జిగురు, ఆపైన గాడి ఉన్న చెక్కముక్కతో వేడి పుట్టేదాకా రుద్దుడే. నా భుజం ఇంకా లాగుతోంది. అంచు మీద గోరు పెట్టి చూడు, గాజులా జారాలి.

ఇంకో సంగతి. బెల్టు ఎడమవైపు, బకిల్ నుంచి మూడో పువ్వు పక్కన ఒక పెద్ద ఆకు కనిపిస్తుంది. అలాంటిది ఇంకెక్కడా లేదు. డిజైన్లో అది లేదు కూడా. తడి తోలు మీద స్టీలు స్కేలు మర్చిపోయి పడుకున్నా, పొద్దున లేచేసరికి నీలి నలుపు గీత. బెరడు పదునుకీ ఇనుముకీ తడి కలిస్తే సిరా అయిపోతుంది మరి. నిమ్మరసం రాస్తే చాలామటుకు పోయింది గానీ నీడలా కొంచెం ఉండిపోయింది, దాని మీదకి ఆకు గీసేసా. మీ నాన్నకి చూపించి ఏదైనా తేడా ఉందా అంటే ఆ ఆకే అన్నిట్లోకీ బాగుందన్నారు. నీకు చెప్పకుండా ఉండొచ్చు, కానీ నువ్వు కనిపెడతావ్.

డమ్మీని నాటకం అయ్యాక హోల్‌స్టర్లో ఉంచి దాచకు, తోలు తేమ పీలుస్తుంది, లోహం మచ్చ పడుతుంది. తడిస్తే నీడలో ఆరబెట్టు, ఓవెన్ సంగతి నీకు చెప్పక్కర్లేదనుకుంటా.

ఇప్పుడు బెజ్జాలు. నాటకం బట్టలన్నీ వేసుకుని, హోల్‌స్టరు ఎక్కించి, డమ్మీ లోపల పెట్టి, అప్పుడు బెల్టు చుట్టుకో. బకిల్ ముల్లు ఎక్కడ తగుల్తుందో అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టు, పెన్నుతో కాదు. అది నడిమి బెజ్జం. దానికి అటు రెండు ఇటు రెండు, అంగుళం అంగుళం దూరంలో. చివరి బెజ్జం నుంచి ఓ నాలుగు అంగుళాలు వదిలి మిగతాది కోసెయ్యాలి. కానీ నువ్వు కొయ్యకు, కొట్టకు. చుక్క పెట్టి ఫోటో పెట్టు, భోంచేసి పెట్టుకోకు, నిలబడి తియ్యమను ఎవర్నైనా.

అమ్మ